కవితల మాట మార్చిన్రు, పాత పేరు అచ్చేసిన్రు, ఇప్పుడేం చేయాలె అన్న చెల్లెకు జవాబు

చెల్లె, నీ ప్రశ్న మొత్తం చదివిన. మీ టౌన్ల ఉగాది కవి సమ్మేళనం సంచికకు కవిత పంపినవ్, అందుల "అమ్మ చీర చుట్టుకొని అద్దం ముందర నిలబడ్డ కొడుకుని" అని నువ్వు రాస్తే వాళ్ళు "కూతురిని" అని మార్చి వేసిన్రు, కవిత కింద నువ్వు పెట్టుకున్న పేరు తీసేసి సర్టిఫికెట్ల ఉన్న పాత పేరు వేసిన్రు, అడిగితే "ఇంటిల్లిపాది చదివే సంచిక, నీ మంచికే చేసినం" అన్నరు. వాళ్ళకు ఆ హక్కు ఉన్నదా, ఇగ ముందట మారుపేరుతో రాస్తే పిరికితనం అయితదా, ఇసుంటి కవితలకు పోలీస్ కేసులు అయితయా అని అడిగినవ్. ఆఖరుకు, మన దిక్కు మనలాంటి ట్రాన్స్ మహిళలు కవిత్వం రాసినట్టు ఎవ్వలకు తెల్వదు, నేనొక్కదాన్నేనా అని కూడా రాసినవ్.

నేను కూడా ట్రాన్స్ మహిళనే. మాది పాలమూరు, బతుకంత నల్లగొండ డీటీపీ సెంటర్లల్ల, ప్రెస్సులల్ల ప్రూఫులు దిద్దుకుంటనే గడిచింది. కవితా సంకలనాలు, సావనీర్లు, పెండ్లి కార్డులు, అన్నీ చూసిన. కవిత మీద కత్తెర ఎక్కడ పడ్తదో, ఎవరి చేతుల పడ్తదో దగ్గరికెల్లి చూసినదాన్ని కాబట్టి కొంచెం పొడుగ్గనే చెప్త.

ముందుగాల హక్కు సంగతి. లేదు, వాళ్ళకు ఆ హక్కు లేదు. కవిత వేసుకోము అనే హక్కు సంపాదకుడికి ఉన్నది, అది ఎవ్వరం కాదనలేం. వేసుకుంటం గాని ఈ మాట మార్చాలె, ఒప్పుకుంటవా అని అడగొచ్చు. అడగకుంట మార్చి నీ పేరు మీద అచ్చేసుడు మాత్రం తప్పు, అది నువ్వు రాయని కవితను నీ నెత్తిన పెట్టినట్టు. "కూతురు" అన్నరు గదా, గౌరవమే ఇచ్చిన్రు గదా, ఇంక నీ బాధేంది అని ఎవరో ఒకరు నిన్ను అడిగే ఉంటరు. కూతురు చీర చుట్టుకొని అద్దం ముందర నిలబడితే ఇంట్ల అందరు మురుస్తరు, ఫోటో తీస్తరు. కొడుకు నిలబడితే ఇంట్ల ఏమైతదో నీకు నాకు ఇద్దరికీ తెల్సు. నీ కవిత మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడి ఉన్నది, అది తీసేసినంక అది ఎవలైన రాసే ముద్దు ముద్దు కవిత. చిత్రం చూడు, లోపల కవితలనేమో నువ్వు కూతురివి అయినవ్, కింద పేరు దగ్గర మళ్ళ కొడుకువే అయినవ్. వాళ్ళకు నీ మీద గౌరవమే ఉంటే పేరు దగ్గర చూపించేటోళ్ళు.

నేను ఇన్నేండ్లల్ల తెల్సుకున్నది ఒక్కటి ఉన్నది, నీకు గట్టిగ చెప్పాలనుకున్నది కూడా అదే. కోసేసుడు కన్నా మార్చుడు ఎక్కువ చెరుపు చేస్తది. 2024లో రష్యాల పసోలిని మీద ఒక పుస్తకం వచ్చింది, ఆయన ఇటలీ కవి, సినిమాలు తీసిండు, గే. అక్కడ 2013ల ఒక చట్టం తెచ్చి 2022ల దాన్ని ఇంకా బిగించిన్రు, 2023 నవంబర్ 30న వాళ్ళ సుప్రీంకోర్టు ఎల్‌జీబీటీ ఉద్యమం అనేదాన్నే తీవ్రవాదం కింద లెక్కగట్టింది. అందుకని ఆ ప్రచురణకర్త పసోలిని ప్రేమల గురించి ఉన్న చోటల్లా పేజీలకు పేజీలు నల్ల రంగు పూసి అట్లనే అచ్చేసి అమ్మిండు. చూడడానికి గుండె కలుక్కుమంటది, కాని చదివేటోనికి ఇక్కడేదో తీసేసిన్రు అని తెలుస్తది, ఎందుకు తీసేసిన్రో కూడా తెలుస్తది. నీ కవితల నల్ల రంగు లేదు. సాఫుగ ఉన్నది. చదివినోళ్ళకు ఎవలకు ఏం పోయిందో తెల్వదు, నువ్వు చెప్తే తప్ప.

ఇది ఇయ్యాల కొత్తగ మొదలైంది కూడా కాదు. మైకెలాంజెలో బొమ్మలు చెక్కినోడే కాదు, కవి కూడా. తొమ్మాసో దె కావలియేరి అనే మగమనిషి మీద ప్రేమతోటి సానెట్లు, అంటే పద్నాలుగు పాదాల కవితలు, రాసిండు. ఆయన చచ్చిపోయినంక తమ్ముని మనవడు 1623ల ఆ కవితలు అచ్చేసుకుంట మగ సర్వనామాలను ఆడ సర్వనామాలు చేసిండు, కుటుంబం పరువు కోసం. 1863ల గువాస్తి అనే ఆయన అసలు చేతిరాత ప్రతులు ముందర పెట్టుకొని మళ్ళ అచ్చేసేదాక, అంటే 240 ఏండ్లు, జనం ఆ మార్చిన కవితలనే మైకెలాంజెలోవి అనుకొని చదివిన్రు. చేతిరాత కాయితాలు కాలిపోయి ఉంటే ఇప్పటికీ అట్లనే చదువుతుండేటోళ్ళం. నీకు జరిగింది అచ్చంగ అదే పని, ఇంతపెద్ద ప్రపంచంల మన జిల్లా ఉగాది సంచిక దాక వచ్చింది, అంతే తేడా.

తెలుగుల అయితే ముద్దుపళని ముచ్చట తెల్సుకో. ఆమె క్వియర్ కవి, అంటే ఆడ మగ కట్టుబాట్లకు అవతలుండే మనలాంటి కవి, అని నేను అంటలేను, తంజావూరు ఆస్థానంల ఉన్న 18వ శతాబ్దపు దేవదాసి. కాని ఆడమనిషి తన కోరిక గురించి తనే రాసుకుంటే ఏం చేస్తరో ఆమె పుస్తకం 'రాధికా సాంత్వనము'కు జరిగిందాన్ని బట్టి తెలుస్తది. 19వ శతాబ్దం చివర అచ్చేసినాయన కొన్ని పద్యాలు తీసేసిండు, అంతకంటే అన్యాయం ఏందంటే ఆమె తన నాయనమ్మ గురించి, తన విద్య గురించి చెప్పుకున్న అవతారికనే ఎత్తేసిండు. కందుకూరి వీరేశలింగం అంతటి మనిషి ఆ రాతను తిట్టిపోసిండు. బెంగుళూరు నాగరత్నమ్మ, ఆమె కూడా దేవదాసినే, అచ్చు పుస్తకం చూసి ఊకోక పాత రాతప్రతి తెప్పించుకొని, రెండు పక్కపక్కన పెట్టి చూసి, పోయిందంతా మళ్ళ చేర్చి 1910ల వావిళ్ళ ప్రెస్సోళ్ళతోటి ఆ పుస్తకం పూర్తిగ అచ్చేపిచ్చింది. మరుసటేడే బ్రిటిష్ సర్కారు నిషేధించి కాపీలు గుంజుకపోయింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగ (ఇప్పటి ముఖ్యమంత్రి లెక్క) ఉన్నప్పుడు 1947ల నిషేధం ఎత్తేసిన్రు, 1952ల మళ్ళ పుస్తకం వచ్చింది. ప్రూఫులు దిద్దేదాన్నిగ నాకు ఆ తల్లి చేసిన పని మీద చెప్పలేనంత భక్తి. రెండు ప్రతులు ముందలేసుకొని ఇక్కడ ఈ పద్యం లేదు, ఇక్కడ ఈ పాదం మారింది అని వేలు పెట్టి చూసుకుంట పోవుడు ఎంత ఓపిక పనో చేసినోళ్ళకే తెల్సు.

అందుకని నీకు నా మొదటి మాట, అసలు ప్రతి కాపాడుకో. మనోళ్ళల్ల చానమందికి ఇల్లే పెద్ద సెన్సార్ బోర్డు. నోటుబుక్కు అన్నకు దొరికితే చింపుతడు, నాయినకు దొరికితే పొయ్యిల పెడ్తడు. నోటుబుక్కు ఇంట్ల పెట్టకు. రాసిన ప్రతి కవితను తేదీ ఏసి నీకు నువ్వే ఈమెయిల్ చేసుకో, ఇంకో ఇద్దరు నమ్మకస్తులకు కూడా పంపు, అందుల ఒకరు ఈ ఊరోళ్ళు కాకపోతే ఇంకా మంచిది. కొంతమంది తమకు తామే రిజిస్టర్ పోస్టు చేసుకొని కవర్ ఇప్పకుంట దాచుకోమంటరు, చట్టంల దానికి ప్రత్యేకంగ విలువ ఏం లేదు, తేదీతోటి ఉన్న ఈమెయిల్ దానికంటే నయం. కాపీరైట్ రిజిస్ట్రేషన్ చేయించకున్నా కవిత రాసిన నిమిషం నుంచే హక్కు నీది, చేయించుకోవాలనుకుంటే సాహిత్య రచనకు ఫీజు 500 రూపాయలు. ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాల మాత్రమే పెట్టి ఊకోకు, పదిమంది కలిసి రిపోర్ట్ కొడితే అకౌంటే పోతది, కవితలు దాని ఎంబడే పోతయి.

పంపేటప్పుడు యూనికోడ్ల టైప్ చేసింది ఒకటి, పీడీఎఫ్ ఒకటి, రెండూ పంపు. ఎందుకంటే మన ప్రెస్సులల్ల ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లు, పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరే నడుస్తున్నయి, యూనికోడ్‌ను అట్ల మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతయి, పొల్లులు తారుమారు అయితయి, అది నిజమే. రేపు వాళ్ళు నీతోటి "ఫాంట్ల మారిందమ్మా" అని అంటే చెప్పు, ఫాంట్ల దీర్ఘం పోతది గాని కొడుకు పోయి కూతురు రాదు. పంపే మెయిల్లనే రెండు లైన్లు రాయి: ఈ పేరు మీదనే వేయాలె, నన్ను అడగకుంట మాట మార్చొద్దు, అచ్చుకు పోయే ముందు ప్రూఫు చూపియ్యాలె. ఆ రెండు లైన్లు ఎంత పని చేస్తయో నువ్వు అనుకోవు.

ఇగ చట్టం. కాపీరైట్ చట్టం 1957 సెక్షన్ 57 చదువు, దాన్ని రచయిత ప్రత్యేక హక్కులు అంటరు. రచన నాది అని చెప్పుకునే హక్కు, నా పరువుకు, పేరుకు నష్టం చేసేటట్టు దాన్ని వంకరచేస్తే, కోస్తే, మారిస్తే ఆపే హక్కు, నష్టపరిహారం అడిగే హక్కు. కాపీరైట్ వేరేవాళ్ళకు రాసిచ్చినా ఈ హక్కు నీ దగ్గరనే ఉంటది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద ఇచ్చిన నల్సా తీర్పుల, మనిషి తన జెండర్‌ను బట్టలతోటి, మాటలతోటి, నడవడితోటి చూపించుకునుడు రాజ్యాంగం 19(1)(ఎ) కింద భావప్రకటన స్వేచ్ఛల భాగమే అని చెప్పింది. మాటలతోటి అని ఉన్నది చూడు, కవిత మాటలే గదా. సంచిక వేసిన సంఘం సర్కారు కాదు కాబట్టి దాని మీద నేరుగ పనికొచ్చేది సెక్షన్ 57నే, నల్సా తీర్పు నీ పేరు ఎందుకు ముఖ్యమో చెప్పేటప్పుడు పనికొస్తది.

మారుపేరు సంగతికొస్తే, పిరికితనం అని ఎవలన్నా వాళ్ళ మాట వినకు. పేరు ఎప్పుడు బయటపెట్టాలె, ఎంత బయటపెట్టాలె అనేది నీ ఇష్టం, నీ ప్రాణం, నీ కిరాయి ఇల్లు, నీ నౌకరీ దాని మీద ఆధారపడి ఉన్నయి. నువ్వు దాచుకునుడు వేరు, వేరేటోడు నిన్ను చెరిపేసుడు వేరు. కవాఫీ అని అలెగ్జాండ్రియాల ఉన్న గ్రీకు కవి, సర్కారు ఆఫీసుల గుమస్తా పని చేసుకుంట మగవాళ్ళ ప్రేమ మీద కవితలు రాసిండు, బతికున్నన్నాళ్ళు అమ్మకానికి ఒక్క సంకలనం కూడా తేలే. సొంతంగ విడి కాయితాల మీద అచ్చేపిచ్చుకొని, కట్టలు కట్టి, ఎవలకియ్యాలో వాళ్ళకే ఇచ్చిండు. 1933ల చచ్చిపోయిండు, 1935ల పుస్తకం వచ్చింది, ఇయ్యాల ప్రపంచమంత చదువుతది. స్పెయిన్ కవి లోర్కా చీకటి ప్రేమ సానెట్లు కూడా ఆయన్ను 1936ల కాల్చి చంపినంక దాదాపు యాభై ఏండ్లకు గాని అచ్చు కాలే. వాళ్ళిద్దరూ రాసుడు ఆపలే, ఎవలకు చూపించాలె అనేది మాత్రం చూసుకున్నరు.

మనకు తెలుగుల ఇంకో వెసులుబాటు ఉన్నది. నేను, నువ్వు అని రాస్తే క్రియల ఆడ మగ తెల్వదు, "నేను వచ్చిన, నువ్వు పోయినవ్" అంటే ఎవలు ఎవలితోటి మాట్లాడుతున్నరో చదివేటోడు ఊహించుకోవాల్సిందే. వచ్చిండు, వచ్చింది అన్న దగ్గరనే దొరికిపోతం. కాబట్టి కొన్ని కవితలు మొత్తం నువ్వు మీదనే నడిపి పైలంగ ఎక్కడంటే అక్కడ చదవొచ్చు, ఇంటి ముందట కూడా. కాకపోతే అన్ని కవితలు అట్లనే రాయకు చెల్లె. నీ "కొడుకు" కవిత అట్ల రాస్తే అసలు కవితే ఉండేది కాదు. నేను చూసినంతల, దాచుకొని రాసుడు అలవాటైనంక, దాచే పని లేని దగ్గర కూడా చెయ్యి దాస్తనే ఉంటది. అద్దం కవిత ఒకటి నీ దగ్గర ఉన్నది కాబట్టి ఆ చెయ్యి నీకు ఇంకా రాలే, రానియ్యకు.

కేసుల గురించి భయపడకు, అట్లని కండ్లు మూసుకోకు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు మన ప్రేమను నేరం చేసిన ఐపీసీ సెక్షన్ 377ను ఆ మేరకు కొట్టేసినంక నీ ప్రేమ నేరం కాదు, దాని మీద కవిత రాసుడు కూడా నేరం కాదు. అశ్లీలం అని పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 294 పెడ్తరు, పాత ఐపీసీల 292 అదే, మొదటిసారి శిక్ష రెండేండ్ల దాక. ఆన్‌లైన్ల పెట్టినవ్ అంటే ఐటీ చట్టం 67 కూడా చేరుస్తరు, అది మూడేండ్ల దాక. రెండిటికీ సాహిత్యం, కళ కోసం, జనం మేలు కోసం వేసింది అయితే మినహాయింపు ఉన్నది. 2014ల అవీక్ సర్కార్ కేసుల సుప్రీంకోర్టు, ఒక్క ముక్క పీకి చూడొద్దు, ఇప్పటి సమాజం కొలతల మొత్తం చూడాలె అన్నది. 2024 మార్చిల ఇంకో కేసుల బూతు మాట ఉన్నంత మాత్రాన అశ్లీలం కాదు అని కూడా చెప్పింది. నీ అద్దం కవితల అసలు అసుంటి మాటే లేదు, ఏ సెక్షనూ దాని దగ్గరికి రాదు.

జాగ్రత్త పడాల్సింది ఎక్కడంటే దేవుండ్లు, జాతి నాయకులు. మనోళ్ళు ఎల్లమ్మ మీద, శివసత్తుల మీద, పూనకం మీద ప్రాణం పెట్టి రాస్తరు, రాయాలె కూడా, ఆ తల్లి మనది. కాని మత భావాల సెక్షన్, ఇప్పుడు 299, కావాలని దురుద్దేశంతోటి చేసిన్రు అని రుజువైతేనే నిలబడ్తది, నిలబడకున్నా కోర్టు చుట్టూ తిప్పుతది. గాంధీ నోట బూతులు పెట్టిన ఒక మరాఠీ కవిత మీద 2015ల సుప్రీంకోర్టు ఆ కవి మీద కేసు కొట్టేయలే, విచారణ ఎదుర్కోమన్నది, అది గుర్తుపెట్టుకో. 2025 మార్చి 28న కవి, ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ పెట్టిన కవిత మీద గుజరాత్‌ల పెట్టిన ఎఫ్ఐఆర్ మాత్రం కొట్టేసింది. మాట ప్రభావాన్ని గుండె ధైర్యం ఉన్న మామూలు మనిషి కొలతల చూడాలె గాని ప్రతిదానికి ఉలిక్కిపడేటోళ్ళ కొలతల కాదు అన్నది, మూడేండ్ల నుంచి ఏడేండ్ల లోపు శిక్ష పడే మాటల కేసులల్ల పోలీసులు ముందుగాల ప్రాథమిక విచారణ చేసుకునుడే సరైనది అని కూడా చెప్పింది. ఎస్సై స్టేషన్‌కు రమ్మంటే ఒక్కదానివి పోకు, వకీలును తీసుకపో, ఆ తీర్పు ప్రింటు చేతుల పట్టుకొని పో.

ఆ తీర్పిచ్చిన ఇద్దరు జడ్జిలల్ల ఒకరు ఉజ్జల్ భుయాన్. ఆయన పేరు మనం గుర్తుపెట్టుకోవాలె. తెలంగాణ హైకోర్టు చీఫ్ జస్టిస్‌గ ఉన్నప్పుడు 2023 జులైల ట్రాన్స్ ఉద్యమకారిణి వైజయంతి వసంత మొగ్లి వేసిన కేసుల, తెలంగాణ ప్రాంత యూనక్స్ (హిజ్రాల) చట్టాన్ని కొట్టేసిన బెంచ్ ఆయనదే. అది నిజాం కాలం నాటిది, 1329 ఫస్లీ, అంటే 1919. నల్లగొండ, పాలమూరు అన్నీ దాని కిందనే ఉండె. పోలీసుల దగ్గర మనోళ్ళ పేర్ల రిజిస్టర్ పెట్టాలె, రిజిస్టర్ల ఉన్న మనిషి ఆడబట్టలు కట్టుకొని, నగలు పెట్టుకొని వీధిల కనపడ్డా, నలుగుట్ల ఆడినా, వాయించినా, ఏ వినోదంల పాలుపంచుకున్నా వారెంట్ లేకుంట పట్టుకపోవచ్చు, రెండేండ్ల దాక జైలు. అర్థమైందా చెల్లె? మన దగ్గర పుస్తకం మీద నిషేధం దాక పోనే లేదు, వీధిల నిలబడి పాట అందుకునుడే నేరం. పాడేటోళ్ళ నోరే మూసినంక ఎవలు రాసిపెడ్తరు, ఎవలు దాచిపెడ్తరు? నీకు ముందు ఎవ్వరు లేనట్టు కనపడ్తున్నదంటే దానికి కారణాలల్ల అదొకటి.

నువ్వు ఒక్కదానివి కాదు. హోషంగ్ మర్చంట్ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల పాఠాలు చెప్పుకుంట గే అని బాజాప్తా చెప్పుకొని ఇంగ్లిష్‌ల కవిత్వం రాసిండు. కేరళల విజయరాజమల్లిక ట్రాన్స్ మహిళగ మలయాళంల రాస్తున్నది, తమిళంల కల్కి సుబ్రమణ్యం ఉన్నది. ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి గారు తెలుగుల 'ఒక హిజ్రా ఆత్మకథ' అని తెస్తే 2019కి సాహిత్య అకాడెమీ అనువాద బహుమతి వచ్చింది, అది దొరకబట్టి చదువు. మన జిల్లాలల్ల రాసేటోళ్ళు కూడా ఉన్నరు, నేను ప్రూఫులల్ల చూసిన, పేర్లు చెప్ప, అది వాళ్ళ ఇష్టం.

ఇది మన గడ్డ మీద జరిగిన పాత కొట్లాటే. తెలంగాణల కవులే లేరు అని ఒకాయన రాస్తే మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి వాదించుకుంట కూసోలే, గోలకొండ పత్రికల ప్రకటన ఇచ్చి జిల్లా జిల్లాకెల్లి కవితలు తెప్పించి 354 మంది కవులతోటి 1934ల సంచిక వేసిండు. ఆ లెక్కల మనోళ్ళు ఎంతమంది ఉన్నరో ఎవలూ అడగలే. ఇప్పుడు మనం అడగాలె. నాకు చాన రోజుల నుంచి మనసుల ఉన్నది, నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి, పాలమూరు, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ దిక్కు ట్రాన్స్, క్వియర్ కవులది చిన్న సంకలనం, మొదలు ఒక నాలుగైదు అచ్చు ఫారాల పుస్తకం. ఎవలు ఏ పేరు కావాలంటే ఆ పేరు, పేరే వద్దంటే ఖాళీ. ప్రూఫు కవి చూసి సంతకం పెట్టినంకనే అచ్చు. నీ అద్దం కవిత నీ మాటతోటే అందుల మొదటి పేజీల వేస్త, నీకు ఇష్టమైతే.

ఇప్పుడు ముందుగాల చేయాల్సింది. కోపంల ఆ సంచిక ఫోటో తీసి ఆన్‌లైన్ల పెట్టకు, అందుల నీ పాత పేరు ఉన్నది, ఇంకా నలుగురికి పోతది. సంచిక ఒక కాపీ దాచిపెట్టు, నువ్వు పంపిన మెయిల్ ప్రింటు తీసిపెట్టు. సంఘం అధ్యక్షుడికి, సంపాదకుడికి ఒక్కటే ఉత్తరం స్పీడ్ పోస్టుల పంపు (రిజిస్టర్ పోస్టు 2025ల దాంట్లనే కలిసింది), తిట్లు వద్దు. ఇట్ల రాయి:

"నేను పంపిన కవితల ఫలానా పాదం నా అనుమతి లేకుంట మార్చి, నేను చెప్పని పేరు మీద అచ్చేసినరు. కాపీరైట్ చట్టం సెక్షన్ 57 కింద ఇది నా హక్కుకు భంగం. మిగిలిన కాపీలల్ల సవరణ చీటీ అంటించి, వచ్చే సంచికల నా కవితను నేను రాసినట్టు, నేను వాడే పేరుతోటి మళ్ళ వేయగలరు. ఆన్‌లైన్ల పెట్టిన పీడీఎఫ్ ఉంటే వెంటనే మార్చగలరు."

పదిహేను రోజులు చూడు. చానమట్టుకు సవరణ వేస్తరు, ఎందుకంటే వాళ్ళు కూడా కవులే, చట్టం పేరు చెప్పినంక ఒకసారి ఆలోచిస్తరు. వేయకపోతే నల్లగొండ కోర్టు ఆవరణల జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటది, ఎస్సీ ఎస్టీలకు, మహిళలకు, ఆదాయం తక్కువున్నోళ్ళకు ఉచితంగ వకీలును ఇస్తరు, ఆ వకీలుతోటి నోటీసు పంపియ్యి. నోటీసు ముసాయిదా నాకు పంపు, అచ్చుతప్పులు నేను చూసిపెడ్త.